గుల్‌మార్గ్‌లో తొలిసారి స్కీయింగ్: బయలుదేరే ముందు జాగ్రత్తలు

గుల్‌మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. చేరిన రోజే స్కీలు తొడగకండి. ఆ పూట విశ్రాంతి తీసుకోండి, నీళ్లు బాగా తాగండి.

• ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

• జీన్స్, నూలు బట్టలు వద్దు. తడిస్తే ఒంట్లో వేడి లాగేస్తాయి.

• అన్నిటికన్నా ముఖ్యం బూట్లు. పొడవాటి ఊలు మేజోళ్లు ఒక్క జతే వేసుకోండి. చలికి భయపడి రెండు జతలు వేస్తే మడతలు పడి పిక్క ఒరుసుకుంటుంది, రక్తం సరిగా ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. బూటు బిగించాక మోకాళ్లు ముందుకు వంచి చూడండి: వేళ్లు కదలాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. సరిపోకపోతే మొహమాటం లేకుండా మార్చమని అడగండి.

• అద్దె దుకాణంలో మీ బరువు సరిగ్గా చెప్పండి. బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపును దాన్నిబట్టే సరిచేస్తారు. పడినప్పుడు స్కీ ఊడిరాకపోతే మోకాలు మెలిపడుతుంది.

• హెల్మెట్, నల్ల కళ్లద్దాలు తప్పనిసరి.

• ప్రయాణ బీమాలో స్కీయింగ్ ఉందో లేదో చదివి చూసుకోండి.

• గండోలా (కొండపైకి తీసుకెళ్లే కేబుల్ కారు) రెండో దశ 3,900 మీటర్లు దాటుతుంది. చూడటానికి వెళ్లండి, స్కీలతో మాత్రం వద్దు. ఊరి పక్కనున్న చిన్న వాలు మీద, శిక్షకుడి దగ్గర, ముందు ఆగడం నేర్చుకోండి.