నాన్‌లీగ్ ఫుట్‌బాల్ చూడటం నేర్చుకుందాం – 3వ పాఠం: బంతిని వదిలి ఆటగాణ్ని చూడండి

గత పాఠంలో ఇంగ్లండ్ లీగ్‌ల నిచ్చెన చూశాం. పై నాలుగు మెట్ల మీద 92 క్లబ్బులు, ఆ కింద ఉన్నదంతా నాన్‌లీగ్. ఈసారి గ్రౌండ్‌కే వెళ్దాం. దక్షిణ లండన్‌లో డల్విచ్ హామ్లెట్ క్లబ్ ఆడే ఛాంపియన్ హిల్‌ని ఎంచుకున్నాను. ఈస్ట్ డల్విచ్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లేంత దూరమే.

శనివారం 3 గంటల ఆటకే వెళ్లండి. ఆ రోజు మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా బ్రిటన్‌లో ఫుట్‌బాల్‌ని టీవీలో లైవ్ చూపించరు. చిన్న క్లబ్బుల గేటు వసూళ్లు దెబ్బతినకూడదని పెట్టుకున్న కట్టుబాటు అది. నాకు చాలా నచ్చిన కట్టుబాటు కూడా.

గ్రౌండ్‌కి వెళ్లే దారి పేరు ఎడ్గర్ కైల్ వే. కైల్ ఈ క్లబ్బు ఆటగాడు. 1929లో ఇంగ్లండ్ జట్టుకి 3 మ్యాచ్‌లు ఆడాడు, అయినా డబ్బు తీసుకుని ఆడే ప్రొఫెషనల్‌గా ఎప్పుడూ మారలేదు. 1948 ఒలింపిక్స్‌లో దక్షిణ కొరియా, మెక్సికో తలపడింది కూడా ఛాంపియన్ హిల్‌లోనే. మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతో ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడింది అదే ఒలింపిక్స్‌లో, లండన్‌కి తూర్పున ఇల్‌ఫర్డ్‌లో.

ఇక అసలు పాఠం. అరగంట ముందే లోపలికి వెళ్లి, రెండు జట్ల పేర్లూ నంబర్లూ రాసుకోండి. ఈ స్థాయిలో చాలా జట్లు ఇప్పటికీ 1 నుంచి 11 నంబర్లే వేసుకుంటాయి కాబట్టి నంబర్ చూస్తే స్థానం తెలిసిపోతుంది. సాధారణంగా 2, 3 అంచుల్లో ఉండే డిఫెండర్లు, 5, 6 మధ్యలో ఉండేవాళ్లు, 9 ముందుండే స్ట్రైకర్.

మొదటి పది నిమిషాలు డల్విచ్ జట్టు 3వ నంబర్‌ని మాత్రమే చూడండి. అతని వైపు రెయిలింగ్ దగ్గర నిలబడండి. బంతి అవతలి అంచున ఉంటే అతను మధ్యకి ఎంత జరుగుతున్నాడు? బంతి గాల్లో ఉండగా వెనక్కి తిరిగి ఎవరిని చూసుకుంటున్నాడు? కళ్లు మాటిమాటికీ బంతి మీదకే పోతాయి. అందరికీ అంతే. మళ్లీ వెనక్కి తెచ్చుకోండి. టీవీ కెమెరా బంతి వెంటే తిరుగుతుంది కాబట్టి ఈ అభ్యాసం ఇంట్లో కూర్చుని కుదరదు.

తర్వాత చెవులకి పని పెట్టండి. పెద్ద స్టేడియం హోరులో వినిపించని ఆటగాళ్ల అరుపులు ఇక్కడ స్పష్టంగా వినిపిస్తాయి. ‘మ్యాన్ ఆన్’ అంటే వెనక నుంచి ప్రత్యర్థి వచ్చేస్తున్నాడు, బంతి త్వరగా వదిలెయ్యి. ‘టైమ్’ అంటే కంగారు లేదు, తిరిగి చూసుకుని ఆడు. గోల్‌కీపర్ ‘కీపర్స్’ అని అరిస్తే బంతి తనది, ఎవరూ అడ్డు రావద్దు. ‘అవే’ అంటే ఎటైనా సరే, బంతిని దూరంగా కొట్టెయ్యండి. అరుపు వినగానే ఏం జరగబోతోందో మీలో మీరే ఊహించండి. ఊహలు నిజమవుతున్నకొద్దీ ఆట మీకు లోపలి నుంచి అర్థమవుతున్నట్టే.

హాఫ్ టైమ్‌లో ఒక ముచ్చట జరుగుతుంది. సొంత జట్టు ఏ గోల్ వైపు దాడి చేస్తే ఆ గోల్ వెనక నిలబడటం అభిమానులకి అలవాటు. మొదటి సగం ముగిసేలోపు మీరూ వాళ్ల పక్కకి చేరండి. జట్లు వైపులు మార్చుకోగానే గులాబీ, నీలం స్కార్ఫుల గుంపంతా పాడుకుంటూ అటు చివరికి నడుస్తుంది. ఇరు జట్ల అభిమానులనీ విడదీసే కంచెలు మామూలుగా ఉండవు కాబట్టే ఇది సాధ్యం. పైగా బీరు గ్లాసు చేతిలోనే ఉంటుంది. 1985 నాటి చట్టం ప్రకారం పెద్ద లీగుల్లో పిచ్ కనబడేచోట తాగకూడదు, ఈ స్థాయికి ఆ నిషేధం లేదు.

కానీ మీరు వాళ్లతో కదలకండి. అభిమానిగా వెళ్లాలనిపిస్తుంది, నేర్చుకునేవారిగా అక్కడే ఆగండి. ఇప్పుడు మీ ముందు సొంత జట్టు గోల్‌కీపర్, అతని ముందు నలుగురు డిఫెండర్లు. బంతి ముందుకి వెళ్లినప్పుడు ఆ నలుగురూ ఒకే వరుసగా ముందుకి జరుగుతున్నారా, ఒకరు వెనకబడిపోతున్నారా? ఆఫ్‌సైడ్ (బంతి అందించిన క్షణంలో దాడి చేసే ఆటగాడు డిఫెండర్ల వరుస దాటి ముందుండటం) గొడవలు సగం అక్కడే పుడతాయి. అంచు నుంచి చూస్తే ఆ వరుస తెలుస్తుంది గానీ, మనుషుల మధ్య ఖాళీలు వెనక నుంచే బాగా కనిపిస్తాయి.

ఇంటికొచ్చాక మూడు విషయాలు రాయండి: 3వ నంబర్ ఎక్కడ ఇబ్బంది పడ్డాడు, మీరు ముందే ఊహించగలిగిన అరుపు ఏది, డిఫెండర్ల మధ్య ఖాళీ మొదట ఎక్కడ పడింది. గోల్స్ సంగతి అక్కర్లేదు.

4వ పాఠంలో కార్నర్ కిక్. దానికి ముందు ఈ అభ్యాసం ఇంకో గ్రౌండ్‌లో, ఈసారి 2వ నంబర్‌తో చేసి రండి.