పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరికి కాలినడక: రాత్రి బసలు ఎలా కుదుర్చుకోవాలి?

నడకకు బయలుదేరే ముందు చాలామంది రోజుకు ఎన్ని కిలోమీటర్లని లెక్క కడతారు. ఆ లెక్క తర్వాత చూడొచ్చు. ముందు ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలో తేల్చుకోండి. ఒడిశాలోని గజపతి జిల్లాలో పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి దారినే తీసుకుందాం. సుమారు 50 కిలోమీటర్లు, చివర 1,501 మీటర్ల కొండ. జీపులో ఒక్కరోజు పని. కాలినడకన దారిలో రెండు రాత్రులు, కొండ దగ్గర ఇంకొకటి.

ఒక కాగితం మీద ఊళ్లన్నీ రాసుకుని, చివరి నుంచి వెనక్కి రండి. కొండ ఎక్కే ముందు రాత్రి బస కొండ మొదలుకు దగ్గరగా, కోయినపూర్ వైపు ఉండాలి. మిగతా మజిలీలు దాన్నిబట్టి పెట్టుకోవాలి. మైదానంలో రోజుకు 18, 20 కిలోమీటర్లు నడిచేవాళ్లు కూడా ఎత్తులో అందులో సగమే అనుకోవడం మంచిది.

రెండో పని, ఊళ్లకు ముందే కబురు పెట్టడం. లాడ్జీలు పర్లాకిమిడిలోనే, లోపలికి పోయేకొద్దీ బడి వరండా, గుడి మండపం, పంచాయతీ గది, చర్చి ఆవరణ, ఇవే దిక్కు. సంత రోజున ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను పట్టుకుని అడగండి. ఫోన్ అందని చోటికి ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు. బడిలో ఉండాలంటే మాస్టారిని, సవర పల్లెల్లో అయితే ఊరి పెద్ద గొమాంగోను అడగాలి. పట్నంలో తెలుగు నడుస్తుంది, పైకి వెళ్తే ఒడియా, సవర. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూనే సవర నేర్చుకున్నారు, మనకు కనీసం ఒక్క ఒడియా మాట రావాలి కదా: "రాతి రహిబాకు జాగా అఛి కి?" అంటే రాత్రి ఉండటానికి చోటుందా అని.

సాయంత్రం నాలుగింటికల్లా ఊరు చేరాలి. ఈ ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను. డిసెంబరులో ఇక్కడ అయిదుంపావు దాటగానే పొద్దు గుంకుతుంది, కొండ నీడలో ఇంకా ముందే. ఒకసారి మేం చీకటి పడ్డాక ఒక పల్లెలో అడుగుపెట్టాం. కుక్కలు చుట్టుముట్టాయి, ఇళ్లవాళ్లు భయపడి తలుపులేసుకున్నారు. తప్పు మాదే. వెలుగుండగా వస్తే వాళ్లు మన ముఖం చూస్తారు, మనం బోరింగు ఎక్కడుందో చూసుకుంటాం.

బయట పడుకోవాల్సి వస్తే చోటు జాగ్రత్తగా ఎంచుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వానకు ఈ జిల్లాలోనే బరఘర ఊరివాళ్లు గుహలో తలదాచుకుంటే కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. వానకాలంలో గుహ, వాగు ఒడ్డు, నిటారు వాలు కింద చోటు, మూడూ వద్దు. అసలు ఆ నెలల్లో ఈ నడకే వద్దని నా మాట. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి.

జిల్లాలోని లఖారీ లోయ ఏనుగుల అడవి. శ్రీకాకుళం జిల్లా మందస వైపు జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. అందుకే అడవిలో గుడారం వేసే ఆలోచన మానుకుని, ఊళ్లోనే ఉండండి. ఏనుగుల కదలికల గురించి అటవీ సిబ్బందిని అడిగాకే మర్నాటి దారి ఖాయం చేసుకోండి. ఇప్పపూలు రాలే రోజుల్లో వాటికోసం ఎలుగుబంట్లు వస్తాయి, ఆ చెట్ల కింద అసలే పడుకోవద్దు.

మూటలో దోమతెర తప్పదు, ఈ కొండల్లో మలేరియా ఎక్కువ. మందపాటి దుప్పటి, టార్చి, చిల్లర నోట్లు చాలు. బసకు డబ్బు తీసుకోకపోతే బియ్యం, పప్పు, నూనె ఇవ్వండి. పొద్దున్నే వరండా ఊడ్చి బయలుదేరండి.

కొండ మీది శివాలయాలకు శివరాత్రికి వెళ్లేవాళ్లకు లెక్క వేరు. ఆ రాత్రి కొండ మీద జాగరమే, పడకుండదు. మర్నాడు నెమ్మదిగా దిగి, కింద ఊళ్లో పూట నిద్రపోయాకే ముందుకు నడవండి. నిద్రలేని కాళ్లతో దిగుడు, ఎక్కడం కన్నా ప్రమాదం.

ఏ రాత్రి ఎక్కడో రాసిన కాగితం నకలు ఒకటి ఇంట్లో ఇవ్వండి. ప్రతి బసకు ముందుగా వచ్చే ఊరు ఒకటి, కాళ్లు మొరాయిస్తే ఆగడానికి, పక్కన రాసి ఉంచండి.