నాలుగు ఏ4 కాగితాల్లో ఒక రచయిత్రి కథ

మా పర్లాకిమిడి ఇంట్లో పిల్లలకి తెలుగు గలగలా మాట్లాడటం వచ్చు, చదవమంటే మాత్రం కూడబలుక్కోవాలి, బళ్లో ఒడియా, ఇంగ్లీషే కదా. అందుకే పోయిన వేసవి సెలవుల్లో వాళ్లకోసం అమెరికా రచయిత్రి లూయీసా మే ఆల్కాట్ జీవితం చిన్న పుస్తకంగా నేనే రాసి కుట్టాను. మీరూ చేసుకోవచ్చు, పెద్ద పనేం కాదు.

పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి. "1832 నవంబరు 29న పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో..." అని చదవగానే మా మేనకోడలు పేజీ తిప్పేసింది. దాన్ని కొట్టేసి 1843తో మొదలుపెట్టాను. లూయీసాకి అప్పుడు పదేళ్లు. వాళ్ల నాన్న ఆదర్శాల మనిషి, డబ్బు సంపాదన మాత్రం తెలీదు. స్నేహితులతో కలిసి ఫ్రూట్‌లాండ్స్ అనే పొలానికి కుటుంబాన్ని తీసుకెళ్లిపోయాడు. అక్కడ మాంసం కూడదు, పాలు కూడదు, ఉన్ని గొర్రెది కాబట్టి కూడదు, పత్తి బానిసల చేత పండించినది కాబట్టి నూలు బట్టా కూడదు. "మరి చలికాలం ఏం కట్టుకున్నారత్తా?" అంది మా పిల్ల. అంతే, కథ పట్టుకున్నట్టే. చలికాలం సగం గడవకముందే ఆ పొలం వదిలేశారు.

ఇక నేను చేసిన తప్పు. 1868లో వచ్చిన ‘లిటిల్ విమెన్’ నవలలో నలుగురు అక్కచెల్లెళ్లు లూయీసా ఇంటివాళ్లే కాబట్టి, నవల చూసి జీవితం రాసేశాను. కాంకార్డ్ ఊళ్లో వాళ్ల ఇల్లు ఆర్చర్డ్ హౌస్ బొమ్మ వేసి గుమ్మంలో నలుగురినీ నిలబెట్టాను. తీరా చూస్తే మూడో పిల్ల లిజీ 1858 మార్చిలోనే పోయింది, వాళ్లు ఆ ఇంట్లోకి వెళ్లింది ఆ తర్వాత. బొమ్మ మళ్లీ వేశాను, ముగ్గురితో.

కాబట్టి నోటుబుక్కులో మధ్యకి గీత గీసి ఒకవైపు నవల, ఒకవైపు నిజం రాసుకోండి. నవలలో అమెరికా అంతర్యుద్ధానికి వెళ్లింది తండ్రి. నిజంగా వెళ్లింది లూయీసానే, 1862 డిసెంబరులో జార్జ్‌టౌన్ ఆసుపత్రికి నర్సుగా, కొన్ని వారాలకే టైఫాయిడ్‌తో ఇంటికొచ్చింది. నవలలో లూయీసాని పోలిన అమ్మాయి జోకి పెళ్లవుతుంది, లూయీసా పెళ్లే చేసుకోలేదు. జోకి పెళ్లి చేయమని చదివిన అమ్మాయిలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారట, మన సీరియళ్ల లాగే! పిల్లలకి ఈ రెండు గడులూ చూపించండి, మిగతా పుస్తకం కన్నా ఇదే ఎక్కువసేపు చూస్తారు.

వస్తువులు వెతకండి. లూయీసా నాన్న ఆమె గదిలో రెండు కిటికీల మధ్య అర్ధచంద్రాకారం బల్ల ఒకటి చేసిపెట్టాడు, ఆ నవల రాసింది దాని మీదే. మా పిల్ల గాజు పెట్టి చుట్టూ గీసి, సగం చెరిపేసి ఆ బల్ల వేసింది. రాసి రాసి కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది లూయీసా. పిల్లల్ని కూడా ఎడమచేత్తో పేరు రాయమనండి, ఆ గోల చూడాలి.

భాష గురించి టెన్షన్ పడకండి. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు మాస్టారుగా ఉన్నది మా ఊళ్లోనే, ఇక్కడ కూర్చుని గ్రాంథికం రాస్తే బాగోదు. మా ఇళ్లల్లో అక్కని అప్ప అంటాం, అందుకని లూయీసా అక్క అన్నా మా పుస్తకంలో "అన్నా అప్ప" అయింది.

నాలుగు ఏ4 కాగితాలు కలిపి మడిస్తే పదహారు పేజీలు. మడిచి ఉన్నప్పుడే నంబర్లు వేసేసి, ఆ తర్వాత విప్పి రాయండి, లేకపోతే మూడో పేజీ తర్వాత పద్నాలుగు వస్తుంది. స్టాప్లర్ మధ్యదాకా అందదు. మడత మీద సూదితో మూడు చిల్లులు పొడిచి, మధ్య చిల్లులోంచి దారం దూర్చి, పైకీ కిందికీ తిప్పి తెచ్చి మధ్యలోనే ముడేయండి. అట్టకి పాత శుభలేఖ చాలు, వినాయకుడి బొమ్మ లోపలివైపుకి వచ్చేలా తిప్పి వేశాం.