పదేళ్లుగా కదలని మారుతి 800 కొంటున్నారా? ముందు తాళం తిప్పకండి

షెడ్డులోనో చెట్టు కిందో ఏళ్లుగా నిలబడిపోయిన మారుతి 800 అమ్మకానికి కనబడగానే చాలామంది కొత్త బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టి చూస్తారు. అక్కడే పొరపాటు. ఆయిలంతా కిందికి జారిపోయి సిలిండర్ గోడలు ఎండి ఉంటాయి. పిస్టన్ రింగుల దగ్గర పట్టిన తుప్పు ఆ నాలుగు తిప్పుళ్లకే గోడల మీద గీతలు పెడుతుంది.

అసలు ఇంజిన్ కంటే బాడీకే ఎక్కువ భయపడాలి. 796 సీసీ, మూడు సిలిండర్ల ఆ ఇంజిన్ విప్పి బిగించడం పాత మెకానిక్‌లందరికీ తెలిసిన పనే. కుళ్లిన రేకు మాత్రం టింకరింగ్ షాపులో డబ్బు తినేస్తుంది. బానెట్ కంటే ముందు లోపలి మ్యాట్లు ఎత్తండి. డ్రైవర్ కాళ్ల దగ్గర స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ పోతే గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్లిన చోట శబ్దం మెత్తబడి పొట్టు రాలుతుంది. తలుపుల కింది అంచులు, బ్యాటరీ ట్రే అడుగు కూడా చూడండి. పలచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం అంటుకోని చోట పెయింటు కింద ఉన్నది లప్పమే. ముందు షాకబ్జర్ పైభాగం బిగించే చోట రేకు చిల్లులు పడి ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

ఆర్‌సీ మీది చాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద కొట్టిన వాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. 15 ఏళ్లు దాటితే ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉండాలి. ఫైనాన్స్ తీరినా ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు మిగిలిపోతే ఫారం 35 కావాలి. పేరు మార్పుకి ఫారాలు 29, 30, వేరే రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి.

ఇక ఇంజిన్. డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ రంగు కనబడితే ఆయిల్లోకి నీళ్లు దిగాయి, హెడ్ విప్పాల్సిందే. ఆ రంగు లేకపోతే మూడు ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రంలో ఒక టీస్పూను ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి గడియారం ముల్లు తిరిగే వైపు చేత్తోనే నెమ్మదిగా తిప్పండి. బిగుసుకుపోయి ఉంటే బలం పెట్టొద్దు, మళ్లీ ఆయిల్ పోసి ఇంకో రోజు ఆగండి. రెండు పూర్తి చుట్లు తేలిగ్గా తిరిగాక పాత ఆయిల్, ఫిల్టర్ మార్చండి. మూడు లీటర్ల డబ్బా కొని, డిప్‌స్టిక్ చూసుకుంటూ పోయాలి, అంతా ఒంపేయకూడదు. టైమింగ్ బెల్టు చూడటానికి బాగున్నా కొత్తది వేయండి. రబ్బరు వాడకపోయినా ముదిరిపోతుంది.

కార్బొరేటర్ బండికి ఎక్కువ తిప్పలు పెట్టేది పెట్రోలే. ఏళ్లనాటి పెట్రోలు వార్నిష్ వాసన వేస్తూ జిగురై కార్బొరేటర్ జెట్లు (పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రాలు) మూసేస్తుంది. ట్యాంకు దించి కడిగించాలి. జెట్లలో తీగ దూర్చకండి, రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తాగడం మొదలెడుతుంది. క్లీనర్ స్ప్రే, గాలి చాలు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఎక్కువ కాబట్టి పాత రబ్బరు పైపులు, పెట్రోలు పంపులోని డయాఫ్రమ్ (రబ్బరు పొర) ఉబ్బి కారతాయి. అవన్నీ కొత్తవే వేయండి. కారిన పెట్రోలు వేడి ఇంజిన్ మీద పడితే మంటే.

ప్లగ్గులు బిగించే ముందు, కాయిల్ వైరు తీసి ఎర్త్ చేసి, ఐదేసి సెకన్లు సెల్ఫ్ కొట్టండి. డాష్‌బోర్డు మీది ఆయిల్ లైటు ఆరాకే ప్లగ్గులు, వైరు పెట్టి స్టార్ట్ చేయాలి. ఆరుబయట, పక్కన మంటలార్పే సిలిండర్ ఉంచుకొని.

స్టార్టయింది కదా అని రోడ్డెక్కొద్దు. నిలబడ్డ బండిలో తప్పకుండా పాడయ్యేవి బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమ పీల్చుకోవడంతో వెనక వీల్ సిలిండర్లు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. నాలుగు చక్రాలూ విప్పించి, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ కిట్, రబ్బరు హోసులు మార్పించి కొత్త బ్రేక్ ఆయిల్ పోసి పైపుల్లోని గాలి తీయించండి. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల వరుసలో చివరి నాలుగంకెలు చూడండి: 1214 అంటే 2014లో పన్నెండో వారం. గీతలు నిండుగా ఉన్నా అంత పాత టైరు పేలిపోవచ్చు.

మొదటిసారి ఖాళీ మైదానంలో రెండు కిలోమీటర్లు నడిపి, దిగి ఒక్కో రిమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒక్కటే వేడిగా ఉంటే ఆ చక్రానికి బ్రేక్ వదలట్లేదు. అది మళ్లీ విప్పాలి.