కలగలుపు జాతుల పెరటి కోళ్లను పెంచుకోవడం, కాపాడుకోవడం

పెరట్లో కోళ్లు పెంచాలనుకునేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న ఏ జాతి తెచ్చుకోవాలన్నదే. చాలా ఏళ్లుగా పాతిక ముప్పై కోళ్లను సాకుతున్న అనుభవంతో నేను చెప్పగలిగింది ఏమిటంటే, మంద నిలబడడానికి జాతి రెండో విషయం మాత్రమే. పిల్లలను ఏ పెట్ట సాకుతోంది, పొద్దుగూకేసరికి గూటి తలుపు పడుతోందా లేదా, కొక్కెర (రాణిఖేత్) రోగానికి టీకా ఏ రోజున వేశారు అన్న మూడూ మొదటి విషయాలు. ఈ మూడూ సరిగ్గా ఉన్న ఇంట్లో ఏ కోడైనా బతుకుతుంది, ఇవి లేని ఇంట్లో ఎంత ఖరీదైన కోడిపిల్లలను తెచ్చినా వేసవి దాటేసరికి గంప ఖాళీ అవుతుంది.

అయినా జాతుల సంగతి కొంత తెలుసుకోవాలి, ఎందుకంటే కలగలుపు మంద బలమంతా పని పంచుకోవడంలోనే ఉంది. మన నాటు పెట్ట ఏడాదిలో మూడు నాలుగు విడతలుగా పెట్టేది 50, 60 గుడ్లే అయినా పొదుగుతుంది, పిల్లలను తిప్పుతుంది, గద్ద నీడ పడితే పసిగడుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధనా సంస్థ రూపొందించిన గ్రామప్రియ గుడ్ల కోసం, వనరాజ గుడ్లకూ మాంసానికీ పనికొస్తాయి. గ్రామప్రియ పెట్ట నాటు పెట్టకు మూడింతల దాకా గుడ్లు పెడుతుంది, వనరాజ పెట్ట 100కు అటూ ఇటూగా పెడుతుంది. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల నుంచి వచ్చిన రాజశ్రీ కూడా పెరటికి అనువైనదే. అయితే ఈ మెరుగుపరచిన జాతుల పెట్టలు సాధారణంగా పొదుగుకు రావు. కాబట్టి నాటు పెట్టలన్నింటినీ అమ్మేసి వీటినే నింపుకున్నవారు ప్రతిసారీ పిల్లలను కొనుక్కోవలసిందే. 20 కోళ్ల మందలో కనీసం ఐదారు నాటు పెట్టలు ఉండాలన్నది నా లెక్క. అవే మందకు తల్లులు.

ఇంకొక మాట ముందే చెప్పాలి. వనరాజ పుంజుకూ నాటు పెట్టకూ పుట్టిన పిల్లలు చక్కగానే పెరుగుతాయి గాని, వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు అయ్యేసరికి గుడ్ల సంఖ్యా ఒళ్లూ ఒక్కొక్కదానిలో ఒక్కో తీరుగా ఉంటాయి. ఇది కోడి లోపం కాదు, సంకర జాతుల స్వభావమే అంత. అలాగే ఒకే పుంజును ఏళ్ల తరబడి ఉంచితే తన కూతుళ్లతోనే జత కట్టి పిల్లలు బలహీనపడతాయి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజును ఉంచుకుని, రెండేళ్లకొకసారి వేరే ఊరి పుంజుతో మార్చుకోవడం మంచిది. మరీ బరువైన పుంజు తొక్కితే చిన్న నాటు పెట్టల వీపు మీద ఈకలు ఊడి చర్మం చీరుకుపోతుంది కనుక పుంజును ఎంచుకునేటప్పుడు పెట్టల ఒళ్లును కూడా చూసుకోవాలి.

పొదుగు

పెట్ట గూట్లోంచి లేవకుండా, చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని గురగురమంటుంటే పొదుగుకు వచ్చిందని అర్థం. వెదురు గంపలో ఎండిన వరిగడ్డి మెత్తగా పరిచి, మధ్యలో కొద్దిగా గుంట చేసి, పేలు పట్టకుండా నాలుగు వేపరెమ్మలు వేసి, ఇల్లు సద్దుమణిగే మూలన పెట్టాలి. మా నాయనమ్మ ఉరుములకు గుడ్లు చెడిపోకుండా అందులో ఒక ఇనుప ముక్క, ఒక బొగ్గు, రెండు ఎండుమిరపకాయలు వేసేది. ఉరుములను అవి ఆపుతాయని నేననుకోను గాని, గంపను అంత శ్రద్ధగా సిద్ధం చేసే చెయ్యి గుడ్లను కూడా శ్రద్ధగానే ఏరుతుంది.

పొదుగుకు పెట్టే గుడ్లు ఏడు రోజులకు మించి నిలవున్నవి కాకూడదు. వాటిని కడగకూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, సన్నటి కొన కిందికి ఉండేలా చల్లని చోట దాచుకోవాలి. నాటు గుడ్లయితే 10 నుంచి 12, వనరాజ గుడ్లు పెద్దవి కనుక 8 లేక 9 చాలు. రెక్కల బయటికి వచ్చే గుడ్డు ఎలాగూ చల్లబడిపోతుంది. ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో గీత పెట్టండి, ఎందుకంటే వేరే పెట్టలు వచ్చి అదే గంపలో గుడ్డు పెట్టి పోతాయి, ఆ తర్వాత ఏది ఎప్పటిదో తెలియదు. ఏడో రోజు రాత్రి ఒక్కొక్క గుడ్డునూ సెల్‌ఫోను టార్చి మీద నిలబెట్టి చూస్తే, పిల్ల కట్టిన గుడ్డులో ఎర్రటి నరాలు సాలెపురుగు కాళ్లలా నలువైపులా పాకి కనిపిస్తాయి, వట్టి గుడ్డు దీపంలా వెలుగుతుంది. వట్టివాటిని తీసేయాలి, లేకపోతే మురిగి పగిలి మిగతావాటిని కూడా పాడుచేస్తాయి. 21వ రోజు పెంకు పగులుతుంది. ఆ రోజు తొందరపడి పెంకు వలిచి సాయం చేయబోతే పిల్లకు నెత్తురు కారవచ్చు కనుక తల్లికే వదిలేయాలి. మనం చేయవలసిన కాపలా చీమల నుంచి. తడిగా ఉన్న పిల్లను ఎర్రచీమలు పడితే గంటలో ప్రాణం తీస్తాయి. గంపను బల్ల మీద పెట్టి, బల్ల కాళ్లను నీళ్లు పోసిన చిప్పల్లో ఉంచడం ఒక్కటే నమ్మకమైన ఉపాయం.

కొన్న ఒకరోజు పిల్లలను కూడా నాటు తల్లికి అప్పగించవచ్చు. పొదుగు మీద ఉన్న పెట్ట కింది గుడ్లు తీసేసి, రాత్రి చీకట్లో ఒక్కొక్క పిల్లనే రెక్క కిందికి నెట్టాలి. పగలు పెడితే పొడుస్తుంది. తెల్లవారేసరికి వాటిని తన పిల్లలనే అనుకుంటుంది.

తల్లి లేని పిల్లలు

ఎక్కువ పిల్లలను ఒకేసారి కొన్నప్పుడు వేడి మనమే ఇవ్వాలి. అడుగున్నర ఎత్తు రేకును గానీ గట్టి అట్టను గానీ గుండ్రంగా నిలబెట్టాలి, మూలలు ఉంటే పిల్లలు అక్కడికి నెట్టుకుపోయి ఒకదాని కింద ఒకటి ఊపిరాడక చస్తాయి. కింద రెండు మూడు అంగుళాల మందాన వరి ఊక పోసి, మొదటి రెండు మూడు రోజులు దాని మీద కాగితం పరిచి, కాగితం మీదనే నూక చల్లాలి. పిల్లకు రెండు వాట్ల లెక్కన పాతకాలపు ఫిలమెంటు బల్బు వేలాడదీయాలి. ఈ మధ్య చాలామంది ఎల్ఈడీ బల్బు పెట్టి వేడి ఇచ్చామనుకుంటున్నారు, ఎల్ఈడీ వెలుతురు ఇస్తుంది గాని పిల్లకు సరిపడే వేడి ఇవ్వదు. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్, ఆపైన వారానికి సుమారు మూడు డిగ్రీలు తగ్గిస్తూ రావాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ముద్దగా గుమిగూడితే చలి, దూరంగా గోడకు అంటుకుని నోళ్లు తెరిస్తే ఉక్క, అంతటా చెదిరి ఏరుకు తింటుంటే వేడి సరిపోయినట్టు. ఊక తడిస్తే వెంటనే మార్చాలి, మూడు నుంచి ఆరు వారాల వయసులో వచ్చే రక్త పారుడు తడి ఊకలోనే పుడుతుంది. ఈ పిల్లలను ఆరు వారాల దాకా పెరట్లోకి వదలకపోవడమే మేలు.

గూడు, శత్రువులు

రాత్రి గూటిని నేల నుంచి రెండు అడుగుల ఎత్తున, కాళ్ల మీద కట్టాలి. గాలి బాగా ఆడితే కోడికి ఒక చదరపు అడుగు సరిపోతుంది. వాటికి గాలి కావాలి, గోడలన్నీ మూసిన గూట్లో పెంట ఘాటుకు కోళ్లకు రొంప పడుతుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే పైకప్పు దగ్గర తగ్గించుకోండి గాని జాలీ దగ్గర వద్దు. షడ్భుజాల కళ్లుండే సన్నటి కోళ్ల జాలీ కోడిని లోపల ఉంచుతుందే తప్ప కుక్కను బయట ఉంచలేదు. అర అంగుళం కళ్ల వెల్డుమెష్ (తీగలను అతికించిన గట్టి జాలీ) వేయించాలి. గూడు నేల మీదనే కట్టవలసి వస్తే జాలీని అడుగు లోతు పాతిపెట్టాలి, పందికొక్కులు కింద నుంచి తవ్వుకొస్తాయి.

తలుపు గురించి నా తప్పు ఒకటి చెబుతాను. ఒక కార్తీక మాసంలో గడియ విరిగితే బాగు చేయించేదాకా అని తాడుతో కట్టాను. మూడో రాత్రి తాడు వదులైంది. తెల్లవారి చూస్తే తొమ్మిది కోళ్లు మెడలు కొరికి పడి ఉన్నాయి, ఒక్కదాన్ని కూడా తినలేదు. ఒక నాటు పెట్ట మాత్రం వేపకొమ్మ మీద, రెక్కలు ముడుచుకుని, మధ్యాహ్నం దాకా దిగలేదు. ఆ రోజు నుంచి మా గూటికి ఇనుప గడియ, దానిలో మేకు, రెండూ ఉంటాయి.

నష్టం చేసిందెవరో ఆనవాళ్లు చూసి చాలావరకు పోల్చుకోవచ్చు. చాలా కోళ్లను చంపి ఈకలు ఎక్కడపడితే అక్కడ చిమ్మి వదిలేస్తే కుక్కలని అనుమానించాలి. రాత్రిపూట మెడలు, తలలు కొరికి ఉంటే పునుగుపిల్లి. రోజుకొక కోడి చొప్పున మాయమై కంచె దాకా ఈకల దారి కనిపిస్తే బావురుపిల్లి లేదా నక్క. గుడ్లు, చిన్న పిల్లలు ఏ ఆనవాలూ లేకుండా పోతే పాము. ముంగిస పగటిపూట తిరిగే జంతువు, పిల్లలనూ గుడ్లనూ ఎక్కువగా పట్టపగలే ఎత్తుకుపోతుంది. వీటిలో దేనికీ విషం పెట్టకూడదు. ముంగిస, బావురుపిల్లి, పునుగుపిల్లి వంటివి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి, పైగా పెట్టిన విషాన్ని ముందు తినేది మన కోడో మన ఇంటి కుక్కో అవుతుంది.

గద్దకు తలుపు అడ్డం కాదు, చాటు అడ్డం. పెరట్లో ఆముదం, కంది, మునగ మొక్కలను గుబురుగా పెంచితే పిల్లలకు పరుగెత్తి దూరడానికి చోటుంటుంది. మొక్కలు ఎదిగేదాకా ఒక పాత నులక మంచం వాల్చినా చాలు. నాటు తల్లి మెడ పక్కకు వంచి ఒంటికన్నుతో ఆకాశంలోకి చూసి, గొంతు అడుగున సన్నగా సాగదీసి ఒక్క కూత కూస్తుంది. అప్పటిదాకా గింజల కోసం కొట్టుకుంటున్న పది పిల్లలూ రెప్పపాటులో మంచం కింద ఉంటాయి, ఒక్కటి కూడా కిక్కురుమనదు. బల్బు కింద పెరిగిన పిల్లలకు ఆ కూత అర్థం తెలియదు. వాటిని మొదటిసారి వదిలేటప్పుడు పిల్లల తల్లి తిరిగే చోటనే వదిలితే కొద్ది రోజుల్లో నేర్చుకుంటాయి.

మేత

పగలంతా కోడి తనకు కావలసింది తానే ఏరుకుంటుంది, మనం ఇచ్చేది పైమేత. నూకలు, జొన్నలు, సజ్జలు, తవుడు కలిపి పెద్ద కోడికి 30 నుంచి 50 గ్రాములు చాలు, అది కూడా సాయంత్రమే వేయాలి. సాయంత్రం మేతకు అలవాటుపడిన మంద పిలవకుండానే గూటికి చేరుతుంది, అప్పుడే లెక్కపెట్టుకోవచ్చు. గుడ్లు పెట్టే కోళ్లకు ఆలిచిప్పల పొడి గానీ, ఉడికించి నలిపిన గుడ్డు పెంకులు గానీ విడిగా పెట్టాలి. పాత కుండలో తడిపిన పేడ, గడ్డి కూరి పుట్ట దగ్గర బోర్లిస్తే మర్నాటికి చెదలు పడతాయి, పిల్లలకు అంతకంటే మంచి మాంసకృత్తులు డబ్బు పెట్టినా దొరకవు. ఊరగాయల అడుగు, ఉప్పు ఎక్కువైన కూరలు, బూజు పట్టిన మొక్కజొన్న, బూజు పట్టిన వేరుశనగ చెక్క, మందు పట్టించిన విత్తనాలు మాత్రం కోళ్లకు అందకూడదు.

బరువైన పుంజు మేత దగ్గర చిన్నవాటిని రానివ్వదు కాబట్టి రెండు మూడు చోట్ల చల్లాలి.

రోగాలు, టీకాలు

కొక్కెర రోగానికి రాణిఖేత్ అన్న పేరు ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని ఊరి నుంచి వచ్చింది. ఆకుపచ్చ, తెలుపు కలిసిన పారుడు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడ మెలితిరగడం, రెక్క వాలడం దీని లక్షణాలు. వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఉంది. 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా టీకా కంట్లో గానీ ముక్కులో గానీ ఒక చుక్క, నాలుగు వారాలకు మళ్లీ ఒకసారి, 8 నుంచి 10 వారాల మధ్య ఆర్‌2బి టీకా సూదితో అర మిల్లీలీటరు, ఆ తర్వాత ఆరు నెలలకొకసారి ఆర్‌2బి వేయించాలి. రెండు వారాలకు గంబోరో (పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే జబ్బు) టీకా, ఆరు వారాలకు కోడి మశూచి టీకా కూడా ఉంటాయి. కోడి మశూచి వస్తే తురాయి మీద, కళ్ల చుట్టూ పొక్కులు లేస్తాయి, దోమలు దాన్ని వ్యాపింపజేస్తాయి.

పెరటి పెంపకందారులకు అసలు చిక్కు ఏమిటంటే, టీకా సీసా సాధారణంగా 100 మోతాదులు, అంతకు మించి వస్తుంది, మన దగ్గర 20 కోళ్లే ఉంటాయి. కలిపిన టీకాను రెండు గంటల్లోపు వాడాలి, దాచకూడదు. అందుకని వీధిలో నలుగురైదుగురు కలిసి ఒకే రోజు, తెల్లవారుజామున కోళ్లు గూట్లో ఉండగానే వేయించుకోవడం ఉత్తమం. మందుల దుకాణం నుంచి ఇంటిదాకా ఐసుగడ్డలతో ఫ్లాస్కులో తేవాలి, జేబులో వేసుకుని ఎండలో తెచ్చిన టీకా నీళ్లతో సమానం. టీకాకు వారం ముందు నులిపురుగుల మందు పట్టిస్తే ఫలితం బాగుంటుంది, మోతాదు పశువైద్యుని అడగండి. జబ్బుగా ఉన్న కోడికి టీకా వేయకూడదు.

సంతలో కొన్న కోడిని నేరుగా మందలో కలపడం వల్లనే చాలా ఇళ్లలో కొక్కెర దిగుతుంది. మూడు వారాలు వేరే గంప కింద, వేరే నీళ్లతో ఉంచి, ముందు మందను చూసుకున్నాకనే దాని దగ్గరికి వెళ్లాలి. ఆ మూడు వారాల చివర గంపను మంద దగ్గరికి జరిపి, ఒకదాన్నొకటి చూసుకున్నాక సాయంత్రం గూట్లోకి వదిలితే కొట్లాటలు తగ్గుతాయి.

ఒకేసారి నాలుగైదు కోళ్లు కారణం తెలియకుండా చనిపోతే వాటిని కోసి వండడం, తక్కువ ధరకు అమ్మడం, కాలువలో పారేయడం చేయకూడదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు చుట్టుపక్కల పెరటి కోళ్ల వారూ భయంతో గడిపారు. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మిగతా కోళ్లను గూట్లోనే మూసి, ఊరి పశువైద్యశాలకు గానీ పశువైద్య సాయానికున్న 1962 ఫోను నంబరుకు గానీ కబురు చేయాలి. వారు వచ్చి చూసేదాకా చనిపోయిన కోళ్లను ఒక మూత ఉన్న డబ్బాలో, కుక్కలకూ కాకులకూ అందకుండా ఉంచాలి. మామూలు జబ్బేనని వారు తేల్చితే మూడు అడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చి, గూటిని సున్నంతో కడిగి, రెండు మూడు వారాలు ఎండబెట్టిన తర్వాతనే కొత్త పిల్లలను తెచ్చుకోవాలి.