విదేశాల్లో బట్టలు కొనేముందు: ట్యాగ్ మీద కనిపించని లెక్కలు

సెలవులకు దుబాయ్, బ్యాంకాక్ వెళ్లేవాళ్లు, పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి సగం ఖాళీ సూట్‌కేసుతో బయల్దేరుతుంటారు. అక్కడ బట్టలు చవకని నమ్మకం. కొన్ని నిజంగానే చవక. కానీ షాపులో కనిపించిన తేడా శంషాబాద్‌లో దిగేసరికి అంతే మిగలదు. పన్ను, కార్డు ఛార్జీ, కస్టమ్స్ తలా కొంచెం తినేస్తాయి. ఈ లెక్క ఇంట్లో కూర్చుని ముందే వేసుకోవాలి.

ఒకే చొక్కాకు ఇన్ని ధరలెందుకు

ఢాకాలోనో తిరుప్పూర్‌లోనో కుట్టిన చొక్కాకు కుట్టుకూలి ఎక్కడ అమ్మినా ఒకటే. మారేవి దిగుమతి సుంకం, అమ్మకపు పన్ను, షాపు అద్దె, ఆ దేశంలో బ్రాండ్ తనకు తాను వేసుకున్న స్థాయి. చివరిదే అన్నిటికంటే పెద్ద కారణం. లీవైస్ జీన్స్ అమెరికాలో రోజూ వేసుకునే ప్యాంటు, మన దగ్గర ఖరీదైన బ్రాండ్. జారా స్పెయిన్‌లో, యూనిక్లో జపాన్‌లో తక్కువకు దొరకడానికీ అదే కారణం. పుట్టింటి మార్కెట్‌లో ధర కింద మొదలై, దూరం వెళ్లేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి ఏ దేశం వెళ్తున్నారో చూసి ఆ దేశపు బ్రాండే ఎంచుకోండి. దుబాయ్‌లో అమెరికా బ్రాండ్ కొంటే పెద్దగా మిగిలేదేమీ ఉండదు, సేల్ నడుస్తుంటే తప్ప.

మన వైపు పన్ను కూడా చూడాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కో బట్ట ధర రూ.2,500 వరకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. రూ.2,500 చొక్కా పన్నుతో రూ.2,625 అవుతుంది. రూ.2,600 చొక్కా ఏకంగా రూ.3,068 అవుతుంది. అందుకే జాకెట్లు, కోట్లు, మంచి జీన్స్ వంటివి బయట కొంటే లాభం ఉండొచ్చు. కాటన్ టీషర్టులు, కుర్తాలు, పిల్లల రోజువారీ బట్టలు కోఠి, అమీర్‌పేట, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కొనుక్కోవడమే మేలు. వాటికోసం విమానంలో కిలోలు వృథా చేయకండి. అమెరికా చలికి కోటు మాత్రం అక్కడే కొనండి. ఇక్కడ దొరికేవి చాలావరకు మన చలికి తగినవే, మంచుకు ఆగవు.

ట్యాగ్ చదవడం

మన ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. యూరప్, దుబాయ్ ట్యాగులూ అంతే. అమెరికాలో మాత్రం పన్ను కౌంటర్ దగ్గరే కలుస్తుంది. అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో 8.25 శాతం వరకు పడుతుంది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో మామూలు బట్టలకు పన్ను లేదు. డెలావేర్, ఒరెగాన్‌లలో అమ్మకపు పన్నే లేదు. మీవాళ్లు డల్లాస్‌లో ఉండి, మధ్యలో న్యూజెర్సీ చుట్టాల దగ్గరికి వెళ్లే పని ఉంటే షాపింగ్ అక్కడికి ఆపుకోండి.

అవుట్‌లెట్ మాల్స్‌లో ఇంకో సంగతి ఉంది. చాలా బ్రాండ్లు అవుట్‌లెట్ కోసమే వేరే సరుకు కుట్టిస్తాయి. పేరు అదే, బట్ట పలుచన. కొట్టేసి చూపిన పాత ధరకు ఆ ముక్క ఎప్పుడూ అమ్ముడై ఉండదు. లోపలి లేబుల్ మీద పాలిస్టర్ శాతం, కుట్టు దగ్గరితనం, జిప్పు చూసి ధర కట్టండి, తగ్గింపు శాతం చూసి కాదు.

పన్ను వాపసు: ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే

కొన్ని దేశాలు పర్యాటకులు కట్టిన పన్నులో కొంత తిరిగి వెళ్లేటప్పుడు వాపసు ఇస్తాయి. పారిస్‌లో 200 యూరోల జాకెట్‌లో 20 శాతం వ్యాట్ అంటే 40 యూరోలు అనుకుంటారు. పన్ను ధరలోనే కలిసి ఉంది కాబట్టి అది 33.33. వాపసు ఇప్పించే ఏజెన్సీ కమీషన్ పోగా చేతికి వచ్చేది దాదాపు 24. దుబాయ్‌లో వ్యాట్ 5 శాతమే. 500 దిర్హమ్‌ల బిల్లులో పన్ను 23.81. అందులో సుమారు 85 శాతం ఇస్తారు, పైగా బిల్లుకు అంటించే ఒక్కో వాపసు ట్యాగుకు 4.80 దిర్హమ్‌ల రుసుము కోస్తారు. మిగిలేది 15 చిల్లర, అంటే సుమారు 3 శాతం. అంత తక్కువకే విమానాశ్రయంలో గంట ముందు చేరాలా అన్నది మీరే తేల్చుకోండి.

కనీస కొనుగోలు దుబాయ్‌లో 250 దిర్హమ్‌లు, సింగపూర్‌లో 100 సింగపూర్ డాలర్లు, థాయిలాండ్‌లో ఒకే షాపులో ఒకే రోజు 2,000 బాత్. పాస్‌పోర్ట్ చూపించి, కొన్నప్పుడే వాపసు ఫారం అడగాలి. తర్వాత రోజు వెళ్తే ఇవ్వరు. అన్నిటికంటే ముఖ్యం: సూట్‌కేస్ చెకిన్‌లో వేసేముందే కస్టమ్స్ ముద్ర వేయించుకోండి. అధికారి వస్తువు చూపమంటే చూపించాలి. అది అప్పటికే బెల్ట్ మీద వెళ్లిపోతే వాపసూ దానితోపాటే పోతుంది. యూరప్‌లో నాలుగు దేశాలు తిరిగినా, ఈయూ (యూరోపియన్ యూనియన్) వదిలే చివరి విమానాశ్రయంలోనే ఈ పని. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో పర్యాటకులకు ఈ సౌకర్యం 2021 నుంచి లేదు. లండన్‌లో షాపువాడు వాపసు వస్తుందంటే నమ్మకండి. అక్కడ చిన్నపిల్లల బట్టలకు మాత్రం వ్యాట్ సున్నా.

కార్డు, కొలత

కార్డు గీస్తే యంత్రం 'రూపాయల్లోనా, స్థానిక కరెన్సీలోనా?' అని అడుగుతుంది. ఎప్పుడూ స్థానిక కరెన్సీయే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకపు రేటు వాళ్లు వేసుకుంటారు. మామూలు క్రెడిట్ కార్డు మీద 3.5 శాతం విదేశీ మార్కప్ (విదేశంలో వాడినందుకు బ్యాంకు వేసే అదనపు ఛార్జీ), దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 4.13 శాతం అవుతుంది. దుబాయ్ వాపసంతా ఇందులోనే కొట్టుకుపోతుంది. మార్కప్ లేని కార్డో, విదేశీ కరెన్సీ ముందే నింపుకునే ఫారెక్స్ కార్డో ముందే తీసుకోండి.

సైజు అక్షరాన్ని నమ్మొద్దు. జపాన్, థాయ్ బ్రాండ్లలో 'ఎల్' మన 'ఎం' అంత ఉండొచ్చు. ఆడవాళ్ల దుస్తుల్లో అమెరికా 8, బ్రిటన్ 12 దాదాపు ఒకే కొలత. ఎవరికోసం కొంటున్నారో వాళ్లకు సరిగ్గా పట్టే చొక్కాను మంచం మీద పరిచి ఛాతీ, భుజం, పొడవు సెంటీమీటర్లలో ఫోన్‌లో రాసుకోండి. అక్కడ కొన్నది హైదరాబాద్ షోరూంలో మార్చరు.

శంషాబాద్‌లో

కొత్త సరుకుకు సుంకం లేని పరిమితి 2016 బ్యాగేజీ నిబంధనల్లో రూ.50,000గా ఉండేది, 2026 ఫిబ్రవరిలో రూ.75,000 అయింది. ఇది మారుతుంటుంది కాబట్టి బయల్దేరే ముందు కస్టమ్స్ సైట్‌లో తాజా అంకె చూసుకోండి. దాటిన విలువ మీద సుంకం, సర్‌ఛార్జి కలిపి 38.5 శాతం పడుతూ వచ్చింది. అంత పడితే విదేశీ లాభమంతా పోయి ఎదురు కట్టాల్సి వస్తుంది. భార్యాభర్తల పరిమితులు కలిపి ఒకే ఖరీదైన వస్తువుకు వాడుకోవడానికి వీల్లేదు. ఒకే డిజైన్ ఐదారు సైజుల్లో, ట్యాగులతో ఉంటే అది వ్యాపార సరుకుగా కనిపిస్తుంది. బొటిక్ కోసం బ్యాంకాక్ టోకు బట్టల బజారు ప్రతూనామ్‌లో కొనేవాళ్లు దిగుమతి కోడ్ తీసుకుని కార్గోలో తెప్పించుకోవాలి, బ్యాగేజీలో కాదు.

బిల్లులు హ్యాండ్ లగేజీలో ఉంచండి. లేకపోతే విలువ అధికారే కడతాడు, అది సేల్ ధరకు కట్టడు. పరిమితి దాటితే గ్రీన్ ఛానల్‌లోకి (సుంకం కట్టాల్సింది లేనివాళ్ల దారి) అడుగు పెట్టకండి. అక్కడ పట్టుబడితే సుంకంతోపాటు జరిమానా, కొన్నిసార్లు సరుకు జప్తు కూడా. నేరుగా రెడ్ ఛానల్‌కు (సుంకం కట్టాల్సినవాళ్ల దారి) వెళ్లి, బిల్లులు చూపించి, కట్టిన సొమ్ముకు రసీదు తీసుకోండి.