బ్రౌజర్ మాట వినడం లేదా? ఓఎస్ కొట్టించే ముందు ఇవి చూడండి

గూగుల్‌లో వెతికితే పేరు కూడా వినని సెర్చ్ పేజీకి పోతుంది. కొత్త ట్యాబ్ తెరిస్తే మనం పెట్టని పేజీ వస్తుంది. స్క్రీన్ కింద కుడి మూలన 'మీ సిస్టమ్‌లో వైరస్ ఉంది' అని ఊకె డబ్బా లేస్తుంది. ఇలాంటి సిస్టమ్‌ను హనుమకొండ చౌరస్తాలో చూపించినా, కరీంనగర్‌లో చూపించినా తరచూ వచ్చే సలహా ఒకటే: 'ఓఎస్ కొట్టాలె', అంటే విండోస్‌ను తుడిచి మళ్లీ కొత్తగా వేయాలని. చాలాసార్లు దాని అవసరం ఉండదు. కొన్నిసార్లు కొట్టించినా రోగం పోదు, ఎందుకంటే అది ఉన్నది హార్డ్ డిస్క్‌లో కాదు, మీ గూగుల్ ఖాతాలోనో వైఫై రూటర్‌లోనో.

ఈ తెగులులో రెండు భాగాలుంటాయి. ఒకటి కంటికి కనిపించేది: మారిన హోమ్ పేజీ, మారిన సెర్చ్ ఇంజన్. రెండోది దాన్ని మళ్లీ మళ్లీ మార్చేది: ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్), ప్రోగ్రామ్, షెడ్యూల్ చేసిన టాస్క్ (వేళకు దానంతటదే నడిచే పని), పాలసీ (బ్రౌజర్ మీద రుద్దిన నియమం). అందరూ మొదటిదాన్ని సరిచేసి ఊరుకుంటారు. రీస్టార్ట్ కాగానే పాత కథ మళ్లీ మొదలవుతుంది. అందుకే ముందు రెండోదాన్ని తీసేయాలి, సెట్టింగ్స్ ఆ తర్వాతే. అంతా తేలేదాకా ఆ సిస్టమ్‌లో బ్యాంకు, యూపీఐ, జీమెయిల్ తెరవొద్దు.

మూలన నోటిఫికేషన్లు ఆగడం లేదు

ఇది వైరస్ కాదు, మనమే ఇచ్చిన అనుమతి. ఇంటర్ ఫలితాల రోజో, కాకతీయ యూనివర్సిటీ డిగ్రీ ఫలితాల రోజో అసలు సైట్ మొరాయిస్తే జనం పక్క సైట్లలోకి పోతారు. సినిమా డౌన్‌లోడ్ సైట్లదీ అదే దారి. 'మీరు రోబో కాదని తేలాలంటే అలౌ నొక్కండి' అని అడిగితే నొక్కేస్తారు. అది అనుమతే కాబట్టి యాంటీవైరస్‌తో ఎంత స్కాన్ చేసినా ఏమీ దొరకదు.

వచ్చిన నోటిఫికేషన్‌లోనే సైట్ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, రాసి పెట్టుకోండి. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కు వెళ్లి, అనుమతి ఉన్న జాబితాలో మీకు తెలియని ప్రతి పేరునూ తొలగించండి. ఇకమీదట ఏ సైటూ అడగకుండా చేసే ఆప్షన్ కూడా అక్కడే ఉంది. ఫోన్‌లోని క్రోమ్‌కూ ఇదే మందు.

స్క్రీన్ నిండా హెచ్చరిక, సైరన్ మోత, ఒక ఫోన్ నంబర్

అది ఒట్టి వెబ్ పేజీ. సిస్టమ్ లాక్ కాలేదు, పేజీ ఫుల్ స్క్రీన్ అయింది, అంతే. ఎస్కేప్ కీని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. కదలకపోతే ఆల్ట్, ఎఫ్4. అదీ పని చేయకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను 'ఎండ్ టాస్క్' చేయండి. మళ్లీ తెరిచినప్పుడు 'రీస్టోర్ పేజెస్' అని అడిగితే నొక్కొద్దు, అదే పేజీ తిరిగొస్తుంది.

ఆ నంబర్‌కు ఫోన్ చేయొద్దు. ఒకవేళ చేసి, వాళ్లు చెప్పారని ఎనీడెస్క్ లాంటిది (మన సిస్టమ్‌ను దూరం నుంచి నడిపే యాప్) పెట్టి, వాళ్లకు కోడ్ కూడా చెప్పి ఉంటే వెంటనే నెట్ తీసేసి ఆ యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత తొందరగా ఫోన్ చేస్తే, ఆ సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

సెర్చ్ ఇంజన్, హోమ్ పేజీ వాటంతటవే మారుతున్నాయి

ఎక్కువ పని ఉన్నది ఇక్కడే. కింద చెప్పిన వరుస తప్పొద్దు.

ముందు ప్రోగ్రాములు. విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి తేదీ ప్రకారం అమర్చండి. గొడవ మొదలైన రోజు, దాని ముందు రోజు ఏమేం చేరాయో చూడండి. పీడీఎఫ్ కన్వర్టర్, వీడియో డౌన్‌లోడర్, డ్రైవర్ అప్‌డేటర్, క్రాక్ చేసిన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్, ఫాంట్ల మూట: దొంగ సాధారణంగా వీటి వెంటే వస్తాడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'రికమెండెడ్' అని వదిలేస్తే వెంట వచ్చే టూల్‌బార్లకు ముందే టిక్ పెట్టి ఉంటుంది. 'కస్టమ్' ఎంచుకుంటేనే ఆ టిక్కులు బయటపడతాయి. తీసేటప్పుడూ జర జాగ్రత్త. కొన్ని ప్రోగ్రాములు 'ఉంచుకో' అనే బటన్‌కు నిండు రంగు వేసి, 'తీసేయి' అన్నదాన్ని బూడిద రంగులో దాస్తాయి. విజువల్ సీ ప్లస్ ప్లస్, ఇంటెల్, రియల్‌టెక్ పేర్లున్నవి కొత్తగా కనిపించినా ముట్టుకోవద్దు, అవి సిస్టమ్‌కు కావాలి.

తర్వాత ఎక్స్‌టెన్షన్లు. క్రోమ్ ఒక్కటే కాదు, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ కూడా తెరిచి చూడండి. ఎందుకు పెట్టుకున్నారో గుర్తులేని ఎక్స్‌టెన్షన్‌ను ఆఫ్ చేసి వదిలేయకుండా 'రిమూవ్' చేయండి. నిజంగా కావాల్సిందైతే స్టోర్ నుంచి మళ్లీ తెచ్చుకోవడానికి నిమిషం చాలు. రిమూవ్ బటనే లేకపోతే అది పాలసీ సంగతి, దాని గురించి కింద ఉంది.

చాలామంది మరిచిపోయేది షార్ట్‌కట్. డెస్క్‌టాప్ మీద క్రోమ్ గుర్తుపై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'టార్గెట్' గడి చూడండి. ఆ వరుస మామూలుగా క్రోమ్ డాట్ ఈఎక్స్ఈ, దాని వెనక కొటేషన్ గుర్తుతో ముగుస్తుంది. ఆ తర్వాత ఏదైనా వెబ్ అడ్రస్ అతికించి ఉంటే దాన్ని చెరిపి 'అప్లై' నొక్కండి. టాస్క్‌బార్ మీద పిన్ చేసింది వేరే షార్ట్‌కట్. దాన్ని అన్‌పిన్ చేసి, బాగున్న దాన్ని మళ్లీ పిన్ చేస్తే సరిపోతుంది.

ఇక టాస్క్ షెడ్యూలర్. స్టార్ట్ మెనూలో ఆ పేరు టైప్ చేస్తే తెరుచుకుంటుంది. ఎడమ వైపు 'లైబ్రరీ' నొక్కి, ఒక్కో టాస్క్‌కు 'యాక్షన్స్' ట్యాబ్ చూడండి. బ్రౌజర్ పేరు పక్కన వెబ్ అడ్రస్ ఉన్నా, పవర్‌షెల్ (విండోస్‌లో ఆదేశాలు నడిపే టూల్) పక్కన అర్థం కాని పొడవాటి అక్షరాల వరుస ఉన్నా అనుమానించాలి. వెంటనే డిలీట్ కొట్టకుండా 'డిజేబుల్' చేసి రీస్టార్ట్ చేయండి. రోగం ఆగితే దొంగ అదే, అప్పుడు డిలీట్ చేయండి. గూగుల్, ఎడ్జ్ అప్‌డేట్ల టాస్కులు మామూలువే. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా కూడా ఓసారి చూడండి.

ఇవన్నీ అయ్యాకే క్రోమ్ సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజన్, 'ఆన్ స్టార్టప్' సరిచేసి, చివర్లో 'రీసెట్ సెట్టింగ్స్' నొక్కాలి. బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డ్‌లు పోవు. ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, కుకీలు (మీ లాగిన్‌ను గుర్తుంచుకునే చిన్న ఫైళ్లు) పోతాయి కాబట్టి అన్ని సైట్లలో మళ్లీ లాగిన్ కావాలి. క్రోమ్‌నే తీసేసి మళ్లీ పెట్టుకోవడం పరిష్కారం అనుకోవద్దు. తీసేటప్పుడు బ్రౌజింగ్ డేటా కూడా తొలగించాలన్న గడిలో టిక్ పెట్టకపోతే పాత ప్రొఫైల్ అక్కడే ఉండి, కొత్త క్రోమ్‌లోకి చెత్తంతా తిరిగొస్తుంది.

'మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని కనిపిస్తోంది

క్రోమ్ మూడు చుక్కల మెనూ అడుగున ఈ మాట ఉంటే, ఎవరో పాలసీ పెట్టారని అర్థం. కాలేజీ, ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో అది సహజం. కొన్ని యాంటీవైరస్‌లు కూడా పెడతాయి. సొంత డబ్బుతో కొన్న ఇంటి సిస్టమ్‌లో, అలాంటి యాంటీవైరస్ ఏదీ లేకుండా కనిపిస్తే మాత్రం దొంగ పనే.

అడ్రస్ బార్‌లో ఇంగ్లిష్‌లో క్రోమ్ అని రాసి, కోలన్, రెండు స్లాష్‌లు పెట్టి, పాలసీ అని కొట్టండి. ఏ పాలసీలు ఉన్నాయో అందులో కనిపిస్తాయి. 'ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్' ఉంటే దాని ఎదుట 32 అక్షరాల గుర్తింపు ఉంటుంది. మీరు తీయలేకపోయిన ఎక్స్‌టెన్షన్ గుర్తింపుతో పోల్చి చూసుకోండి.

తీయడానికి విండోస్ కీ, ఆర్ నొక్కి రెజ్ఎడిట్ (విండోస్ లోపలి సెట్టింగ్స్ మార్చే టూల్) తెరవాలి. హెచ్‌కీ లోకల్ మెషిన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ వరుసలో వెళ్లండి. ఆ క్రోమ్ ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి ముందు 'ఎక్స్‌పోర్ట్' చేసి ఒక కాపీ దాచుకోండి, తర్వాత తొలగించండి. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద కూడా ఇదే దారిలో చూడాలి. ఎడ్జ్ పాలసీలు అక్కడే మైక్రోసాఫ్ట్ పేరు కింద ఉంటాయి. పాలసీస్ అనే పెద్ద ఫోల్డర్ మొత్తాన్ని మాత్రం లేపేయొద్దు, విండోస్ సొంత సెట్టింగ్స్ కూడా అందులోనే ఉంటాయి. రీస్టార్ట్ చేశాక పాలసీ మళ్లీ కనిపిస్తే, దాన్ని రాసే ప్రోగ్రామ్ ఇంకా బతికే ఉంది. టాస్క్ షెడ్యూలర్ దగ్గరికి మళ్లీ వెళ్లాలి.

శుభ్రం చేశాక నెట్ రావడం లేదు

దొంగ ప్రోగ్రామ్ తన ప్రాక్సీ (నెట్‌కు, మనకు మధ్య నిలబడే దారి) గుండా నెట్‌ను మళ్లించింది. మనం దాన్ని తీసేశాం, దారి మాత్రం అటే చూపిస్తోంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, ప్రాక్సీకి వెళ్లి మాన్యువల్ ప్రాక్సీ, సెటప్ స్క్రిప్ట్ రెండూ ఆఫ్ చేయండి. అక్కడ 127.0.0.1 (అంటే మీ సిస్టమే) అని ఉంటే సందేహమే అక్కర్లేదు.

ఇంట్లో ఫోన్లకూ ఇదే రోగం

సిస్టమ్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూడండి. హాట్‌స్పాట్‌లో బాగుండి, ఇంటి వైఫైలో పాడవుతుంటే తప్పు రూటర్‌ది. ఎవరో అందులోకి వెళ్లి డీఎన్ఎస్ (సైట్ పేరుకు అసలు చిరునామా చెప్పే సర్వర్) మార్చారు. రూటర్ కింది స్టిక్కర్ మీద లాగిన్ అడ్రస్ ఉంటుంది, ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1. లోపల డీఎన్ఎస్‌ను ఆటోమేటిక్ చేయండి, లేదా 8.8.8.8, 1.1.1.1 పెట్టండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, ఇది వేరు. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. వెనకాల పిన్నుతో నొక్కే రీసెట్ జోలికి తొందరపడి పోవద్దు. ఫైబర్ కనెక్షన్ అయితే యూజర్ నేమ్, సెట్టింగ్స్ అన్నీ పోయి, కేబుల్ ఆపరేటర్ వచ్చేదాకా ఇల్లంతా నెట్ ఉండదు.

చేత్తో తీశాక స్కాన్

విండోస్ సెక్యూరిటీలో ముందు ఫుల్ స్కాన్, తర్వాత డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి. ఆఫ్‌లైన్ స్కాన్‌కు సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది, పావుగంట దాకా పడుతుంది. విండోస్ నడవకముందే వెతుకుతుంది కాబట్టి నడుస్తూ దాక్కునేవి కూడా చిక్కుతాయి. టూల్‌బార్ల బాపతుకు మాల్వేర్‌బైట్స్ వాళ్ల ఉచిత యాడ్‌డబ్ల్యూక్లీనర్ మంచిది. దాన్ని పాడైన బ్రౌజర్‌లో వెతికి దింపుకుంటే నకిలీ చేతికి రావచ్చు. ఆ కంపెనీ సైట్ అడ్రస్‌ను మీరే టైప్ చేయండి. పాత వీడియోల్లో చెప్పే 'క్రోమ్ క్లీనప్' కోసం వెతకొద్దు, గూగుల్ దాన్ని 2023లోనే తీసేసింది.

'రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్'లో అనవసర యాప్‌లను అడ్డుకునే ఆప్షన్‌ను ఆన్ చేయండి. టూల్‌బార్ల దొంగతనం చాలావరకు అక్కడే ఆగుతుంది.

అంతా తీశాం, రెండు రోజులకు మళ్లీ వచ్చింది

కారణం సింక్, అంటే ఒకే ఖాతాతో ఉన్న సిస్టమ్‌లన్నిటిలో సెట్టింగ్స్ ఒకేలా ఉంచే సదుపాయం. మీ గూగుల్ ఖాతాలో దాచి ఉన్న ఎక్స్‌టెన్షన్ జాబితా, లాగిన్ కాగానే దిగిపోతుంది. మీరు వాడే అన్ని సిస్టమ్‌లలో సింక్ ఆపి, ఒక్కో దానిలో ఎక్స్‌టెన్షన్‌ను తొలగించాకే తిరిగి ఆన్ చేయండి. ఓఎస్ కొట్టించినా పోని రోగాల్లో ఎక్కువ భాగం ఇదే.

పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి, పాడైన సిస్టమ్ నుంచి కాదు. గూగుల్ ఖాతాలో 'యువర్ డివైజెస్' తెరిచి తెలియని వాటిని సైన్ అవుట్ చేయండి. లాగిన్ కుకీ దొంగ చేతికి పోయి ఉంటే, పాస్‌వర్డ్, ఓటీపీ ఏవీ అడగకుండానే వాడు లోపలికి వస్తాడు.

ఓఎస్ ఎప్పుడు కొట్టాలి

డిఫెండర్‌ను ఎంత ప్రయత్నించినా ఆన్ చేయలేకపోతున్నా, ఫైళ్ల పేర్ల చివర తెలియని అక్షరాలు చేరి తెరుచుకోకపోయినా, క్రాక్ నడిపిన కాసేపటికే ఖాతాల్లో తెలియని లాగిన్‌లు కనిపించినా కొట్టించండి. విండోస్ 7 వాడుతుంటే ఇంకో మాట కూడా అక్కర్లేదు, దానికి క్రోమ్ చివరి వెర్షన్ 109, ఆ తర్వాతి అప్‌డేట్లు రావు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

బ్యాకప్‌లో ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రమే తీసుకోండి. డౌన్‌లోడ్స్‌లోని సెటప్ ఫైళ్లను కాపీ చేస్తే దొంగను వెంట తీసుకుపోయినట్టే. విండోస్‌ను మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి 8 జీబీ పెన్ డ్రైవ్‌లోకి దింపి వేయించుకోండి. షాపులో వాళ్ల పెన్ డ్రైవ్‌తో వేస్తామంటే, అందులో యాక్టివేటర్ (లైసెన్స్ లేకుండా విండోస్‌ను నడిపించే క్రాక్) ఉందా అని అడగండి. ఉందంటే, అది నడవడానికి డిఫెండర్‌ను ముందే ఆపేస్తారు.